ఒకే పేరు, వేర్వేరు చరిత్రలు: ఇస్లాం చరిత్రలో 'జైద్'

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తర్వాత మీరు:
• అరబ్బీ పేరులోని వివిధ భాగాలను గుర్తించి, అవి తెలిపే సమాచారాన్ని వివరించగలుగుతారు.
• తొలి ఇస్లాం చరిత్రలో 'జైద్' అనే పేరుగల ముగ్గురు ముఖ్య వ్యక్తుల పాత్రను వేరువేరుగా చెప్పగలుగుతారు.
• వంశం, యోగ్యత అనే రెండింటిలో దేనికి పెద్దపీట అన్న ప్రశ్న తొలి ముస్లిం సమాజంలో ఎలా తలెత్తిందో తెలుసుకుంటారు.
• పేరు ఆధారంగా ఒక వ్యక్తి వంశాన్నీ మతశాఖనూ నిర్ణయించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గ్రహిస్తారు.

1. పరిచయం

ఇస్లాం చరిత్ర చదవడం మొదలుపెట్టిన విద్యార్థికి ముందుగా ఎదురయ్యే చిక్కు పేర్లది. ఒకే పేజీలో ఇద్దరు అబ్దుల్లాలు, ముగ్గురు ఉమర్లు కనిపిస్తారు. ఒక అధ్యాయంలో మరణించిన జైద్ తర్వాతి అధ్యాయంలో ఖురాన్ ప్రతిని సిద్ధం చేస్తుంటాడు. మరి వందేళ్ల తర్వాత అదే పేరుతో ఒకరు కూఫా నగరంలో తిరుగుబాటు జెండా ఎత్తుతారు. వీరంతా వేర్వేరు వ్యక్తులని గుర్తించకపోతే చరిత్ర కలగాపులగం అవుతుంది.

అరబ్బులు వాడిన పేర్ల సంఖ్య పరిమితం కావడం, ప్రసిద్ధుల పేర్లను తర్వాతి తరాలు మళ్లీ మళ్లీ పెట్టుకోవడం ఈ చిక్కుకు కారణాలు. దీన్ని పరిష్కరించే ఏర్పాటు కూడా అరబ్బీ పేరులోనే ఉంది. ఆ ఏర్పాటును అర్థం చేసుకుంటే పేరు గుర్తింపు చీటీగా మాత్రమే మిగలక చరిత్రకు ఆధారంగా పనికివస్తుంది. ఈ పాఠంలో 'జైద్' అనే ఒక్క పేరును తీసుకొని, దాన్ని ధరించిన వ్యక్తుల ద్వారా 7వ, 8వ శతాబ్దాల ముస్లిం సమాజాన్ని పరిశీలిద్దాం. మనిషికి గౌరవం, అధికారం పుట్టుకవల్ల వస్తాయా, చేసిన పనివల్ల వస్తాయా అనే ప్రశ్న ముగ్గురు జైదుల జీవితాల్లోనూ ఎదురవుతుంది. మూడు సందర్భాల్లో దానికి లభించిన జవాబులు మూడు విధాలుగా ఉన్నాయి.

2. అరబ్బీ పేరు నిర్మాణం

సంప్రదాయ అరబ్బీ పేరులో ప్రధానంగా ఐదు భాగాలు ఉంటాయి.

(అ) ఇస్మ్: పుట్టినప్పుడు పెట్టిన అసలు పేరు. జైద్, ఉమర్, ఫాతిమా మొదలైనవి.

(ఆ) నసబ్: వంశక్రమం. 'ఇబ్న్' లేదా 'బిన్' అంటే కుమారుడు, 'బిన్త్' అంటే కుమార్తె. జైద్ బిన్ సాబిత్ అంటే సాబిత్ కుమారుడైన జైద్. దీన్ని తాత, ముత్తాతల వరకు పొడిగించవచ్చు.

(ఇ) కున్యా: సంతానాన్ని బట్టి పిలిచే గౌరవనామం. 'అబూ' అంటే తండ్రి, 'ఉమ్ము' అంటే తల్లి. కొన్నిసార్లు నిజంగా ఆ పేరుగల సంతానం లేకపోయినా వాడుకగా కున్యా పెట్టడం ఉంది.

(ఈ) లఖబ్: బిరుదు లేదా లక్షణాన్ని తెలిపే పేరు. తయ్యి తెగ నాయకుడొకరు మంచి గుర్రాలు కలిగినవాడు కావడంవల్ల 'జైద్ అల్-ఖైల్', అంటే గుర్రాల జైద్, అనిపించుకున్నాడు. ఆయన ఇస్లాం స్వీకరించినప్పుడు ప్రవక్త మహమ్మద్ ఆ బిరుదును 'జైద్ అల్-ఖైర్'గా మార్చారని సంప్రదాయం చెబుతుంది. 'ఖైర్' అంటే మంచి. ఒక్క అక్షరం మార్పుతో గుర్రాల జైద్ మంచివాడైన జైద్ అయ్యాడు.

(ఉ) నిస్బా: తెగను, ఊరిని, వంశాన్ని, వృత్తిని లేదా మతశాఖను తెలిపే భాగం. ఇది సాధారణంగా 'ఈ'కారంతో ముగుస్తుంది. బుఖారా నగరానికి చెందినవాడు బుఖారీ.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రసిద్ధ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ పేరు 'అబూ జైద్ అబ్దుర్ రహ్మాన్ బిన్ మహమ్మద్ బిన్ ఖల్దూన్ అల్-హద్రమీ'. ఇందులో అబూ జైద్ కున్యా, అబ్దుర్ రహ్మాన్ ఇస్మ్, బిన్ మహమ్మద్ బిన్ ఖల్దూన్ నసబ్, అల్-హద్రమీ నిస్బా. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ ప్రాంతం తమ పూర్వికుల స్థలమని ఆ నిస్బా తెలుపుతుంది. అయితే ఆయన పుట్టింది 1332లో ట్యూనిస్‌లో, మరణించింది 1406లో కైరోలో. నిస్బాను చూసి జన్మస్థలాన్ని నిర్ణయించరాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెలుగువారి ఇంటిపేరుతో నిస్బాకు కొంత పోలిక ఉంది. మన ఇంటిపేర్లలో కూడా ఊళ్ల పేర్లు, వృత్తుల పేర్లు కనిపిస్తాయి. కాని ఇంటిపేరు తరతరాలకు ఒకటే. నిస్బా మాత్రం మారవచ్చు, ఒకే వ్యక్తికి రెండు మూడు కూడా ఉండవచ్చు.

3. 'జైద్': అర్థం, వాడుక

అరబ్బీలో చాలా పదాలు మూడు హల్లుల ధాతువు నుంచి ఏర్పడతాయి. 'జైద్' అనే పేరుకు మూలం 'పెరుగుదల, అధికం కావడం' అనే అర్థంగల ధాతువు. ఉర్దూలోని 'జియాదా' ఈ ధాతువునుంచి వచ్చిందే. తెలుగులో మనం రోజూ వాడే 'జాస్తి' అనే మాట కూడా హిందుస్తానీ ద్వారా ఈ కుటుంబం నుంచే మన భాషలోకి చేరింది. సంతానం, సంపద, పేరుప్రతిష్ఠలు పెరగాలన్న ఆకాంక్ష ఈ పేరులో ఉంది. జియాద్, యజీద్ అనే పేర్లు కూడా ఇదే ధాతువుకు చెందినవి. ఐక్య అరబ్ ఎమిరేట్స్ తొలి అధ్యక్షుడిగా 1971 నుంచి 2004 వరకు పనిచేసిన షేక్ జాయెద్ పేరు కూడా ఈ ధాతువుదే. గల్ఫ్‌కు వలస వెళ్లిన తెలుగువారికి ఆ పేరు సుపరిచితం. అయితే జాయెద్, జైద్ రెండూ ఒకే పేరు కావు, ఒకే ధాతువునుంచి వచ్చిన వేర్వేరు రూపాలు.

ఈ పేరు ఎంత సాధారణమైనదంటే అరబ్బీ వ్యాకరణవేత్తలు ఉదాహరణ వాక్యాలకు దీన్నే ఎంచుకున్నారు. మన వ్యాకరణ పాఠంలో 'రాముడు రావణుని చంపెను' అన్న వాక్యం ఎలాంటిదో, అరబ్బీ పాఠంలో 'జైద్ అమ్ర్‌ను కొట్టాడు' అన్న వాక్యం అలాంటిది. 8వ శతాబ్దపు వ్యాకరణవేత్త సీబవైహి గ్రంథంలోనూ జైద్ ఉదాహరణగా కనిపిస్తాడు. ఆటోమన్ సామ్రాజ్యంలో న్యాయపండితులు ఫత్వాలు ఇచ్చేటప్పుడు కక్షిదారుల అసలు పేర్లకు బదులు జైద్, అమ్ర్, స్త్రీ అయితే హింద్ అని రాసేవారు. అంటే అక్కడ జైద్ ఎవరైనా కావచ్చు. కాబట్టి చరిత్ర విద్యార్థికి 'జైద్' అన్న ఒక్క మాట చాలదు. అతడు ఎవరి కుమారుడో కూడా తెలియాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) నసబ్‌కు, నిస్బాకు గల తేడా ఏమిటి?
(ఆ) 'అబూ జైద్' అనేది పేరులో ఏ భాగం?

4. జైద్ బిన్ హారిసా: కుమారుడు కాని కుమారుడు

జైద్ బిన్ హారిసా కల్బ్ తెగకు చెందినవాడు. బాల్యంలో ఒక దాడిలో బందీ అయి, ఉకాజ్ సంతలో బానిసగా అమ్ముడుపోయాడు. ఆ సంత ఇస్లాంకు ముందు అరేబియాలో వాణిజ్యానికీ కవితా పోటీలకూ ప్రసిద్ధమైనది. అతడు ఖదీజా ఇంటికి చేరాడు. ఆమె అతణ్ని తన భర్త మహమ్మద్‌కు ఇచ్చింది. అప్పటికి మహమ్మద్ ఇంకా ప్రవక్తగా ప్రకటితులు కాలేదు.

కొంతకాలానికి కొడుకు మక్కాలో ఉన్నాడన్న కబురు హారిసాకు అందింది. ఆయన తమ్ముడితో కలిసి వచ్చి, డబ్బు చెల్లించి కొడుకును విడిపించుకుంటానన్నాడు. నిర్ణయాన్ని జైద్‌కే వదిలిపెట్టారు. అతడు మహమ్మద్ దగ్గరే ఉంటానన్నాడు. అప్పుడు మహమ్మద్ అతణ్ని కాబా దగ్గరకు తీసుకువెళ్లి, బానిసత్వం నుంచి విముక్తుణ్ని చేసి, తన కుమారుడిగా ప్రకటించారని జీవిత చరిత్రలు చెబుతాయి. నాటి అరబ్బు ఆచారం ప్రకారం దత్తపుత్రుడు సొంత కొడుకుతో సమానం. జైద్ పేరు 'జైద్ బిన్ మహమ్మద్' అయింది. ఇస్లాంను మొట్టమొదట స్వీకరించిన కొద్దిమందిలో అతడు ఒకడు.

మదీనా కాలంలో ఈ స్థితి మారింది. ఖురాన్‌లోని 33వ అధ్యాయం దత్తపుత్రులను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని ఆదేశించింది. ఈ మార్పుకు జైద్ కుటుంబ జీవితంతో సంబంధం ఉంది. జైద్‌కు, ప్రవక్త మేనత్త కుమార్తె జైనబ్ బిన్త్ జహ్ష్‌కు జరిగిన వివాహం విడాకులతో ముగిసింది. తర్వాత ప్రవక్త ఆమెను వివాహమాడారు. దత్తపుత్రుని మాజీ భార్యను కోడలిగా భావించే పాత ఆచారం దీంతో రద్దయింది. ఈ సందర్భంలోనే జైద్ పేరు ఖురాన్‌లో వచ్చింది. ప్రవక్త సహచరుల్లో ఖురాన్‌లో పేరుతో ప్రస్తావన పొందినవాడు జైద్ ఒక్కడే. ఇక అతడు మళ్లీ 'జైద్ బిన్ హారిసా' అయ్యాడు.

ఈ మార్పు ప్రాముఖ్యాన్ని మన ఆచారంతో పోల్చి చూస్తే బాగా అర్థమవుతుంది. హిందూ సంప్రదాయంలో దత్తత వెళ్లిన బిడ్డకు ఇంటిపేరు, గోత్రం మారతాయి, పెంచిన తండ్రి ఆస్తికి అతడు వారసుడవుతాడు. ఇస్లామిక న్యాయశాస్త్రంలో అలా కాదు. అనాథను పెంచడం పుణ్యకార్యమే, కాని పెంచినవారి నసబ్ ఆ బిడ్డకు రాదు, వారసత్వ హక్కు దానంతటదే సంక్రమించదు. నసబ్ అనేది రక్తసంబంధాన్ని నమోదు చేసే పత్రం లాంటిదన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది.

నసబ్ పోయినంత మాత్రాన జైద్ స్థానం తగ్గిందా? 629లో నేటి జోర్డాన్‌లోని మూతా వద్ద బైజాంటైన్ పక్షపు సేనలతో యుద్ధానికి ప్రవక్త సైన్యాన్ని పంపినప్పుడు మొదటి సేనాపతిగా నియమించింది జైద్‌నే. అతడు మరణిస్తే జాఫర్ బిన్ అబీ తాలిబ్, ఆయనా మరణిస్తే అబ్దుల్లా బిన్ రవాహా నాయకత్వం వహించాలని నిర్దేశించారు. జాఫర్ ప్రవక్తకు తండ్రి సోదరుని కుమారుడు, ఖురైష్‌లో గౌరవనీయమైన హాషిం వంశస్థుడు. ఆయనకంటే ముందు ఒక విముక్త బానిస పేరు ఉండటం గమనించదగిన విషయం. ఆ యుద్ధంలో ముగ్గురూ వరుసగా మరణించారు. 632లో సిరియా సరిహద్దుకు పంపదలచిన సైన్యానికి జైద్ కుమారుడు ఉసామాను నాయకుడిగా నియమించారు. అప్పటికి అతనికి దాదాపు 20 ఏళ్లు. పెద్దలుండగా ఇతడేమిటని కొందరు గొణిగారు. ప్రవక్త మరణానంతరం ఖలీఫా అయిన అబూ బక్ర్ కూడా ఆ నియామకాన్ని మార్చలేదు. వంశపు గౌరవం లేనివారికి నాయకత్వం దక్కవచ్చన్నది మొదటి జైద్ జీవితం చెప్పే జవాబు. గొణుగుడు వినిపించిందంటే, పాత వంశాభిమానం పూర్తిగా పోలేదనీ తెలుస్తుంది.

నసబ్‌ను రాజకీయాలు ఎలా వాడుకున్నాయో చెప్పే మరో ఉదాహరణ జియాద్‌ది. అతని తండ్రి ఎవరో స్పష్టంగా తెలియకపోవడంతో 'జియాద్ బిన్ అబీహి', అంటే 'తన తండ్రి కుమారుడైన జియాద్' అని పిలిచేవారు. సమర్థుడైన ఈ పాలకుణ్ని తనవైపు తిప్పుకోవడానికి తొలి ఉమయ్యద్ ఖలీఫా ముఆవియా అతణ్ని తన తండ్రి అబూ సుఫ్యాన్ కుమారుడిగా ప్రకటించాడు. ఈ చర్య తీవ్ర విమర్శకు గురైంది. ఒక జైద్ పేరు పక్కనుంచి పెంపుడు తండ్రి పేరును తొలగించిన తరం ముగియకముందే, ఒక జియాద్ పేరు పక్కన రాజకీయ అవసరం కోసం తండ్రి పేరు చేరింది.

5. జైద్ బిన్ సాబిత్: రాతతో ఎదిగినవాడు

రెండవ జైద్ మదీనా వాసి, ఖజ్రజ్ తెగలోని నజ్జార్ శాఖకు చెందినవాడు. 622లో ప్రవక్త మదీనాకు వచ్చేనాటికి ఇతనికి సుమారు 11 ఏళ్లు. చదవడం, రాయడం వచ్చినవారు తక్కువగా ఉన్న సమాజంలో ఇతని చురుకుదనం గుర్తింపు పొందింది. యూదులతో ఉత్తరప్రత్యుత్తరాల కోసం వారి లిపిని కొద్దికాలంలోనే నేర్చుకున్నాడని చెబుతారు. ప్రవక్తకు లేఖకులుగా పనిచేసినవారిలో ఇతడు ముఖ్యుడు.

ప్రవక్త మరణించిన కొద్దికాలానికే మధ్య అరేబియాలోని యమామాలో భీకర యుద్ధం జరిగింది. ఖురాన్‌ను కంఠస్థం చేసినవారు అనేకులు అందులో మరణించారు. ఉమర్ సోదరుడు జైద్ బిన్ అల్-ఖత్తాబ్ కూడా అక్కడే మరణించాడు. (ఇతడు మరొక జైద్ అని గమనించండి.) కంఠస్థులు ఇలా తగ్గిపోతే ఖురాన్ భాగాలు నష్టపోతాయని ఉమర్ ఆందోళన చెందాడు. ఆయన సూచనపై ఖలీఫా అబూ బక్ర్ సంకలన బాధ్యతను జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించాడు. ప్రవక్త చేయని పనిని తాను ఎలా చేయాలని అతడు మొదట సంకోచించాడు. పర్వతాన్ని కదిలించడం ఇంతకంటే సులువన్నంత బరువుగా ఆ బాధ్యతను భావించినట్లు హదీసు సంప్రదాయం తెలుపుతుంది. ఖర్జూరపు మట్టలపైన, పలుచని రాళ్లపైన రాసి ఉన్నవాటిని, మనుషుల జ్ఞాపకంలో ఉన్నవాటిని సేకరించి అతడు ఆ పని పూర్తిచేశాడు. అప్పటికి అతని వయసు ఇరవై దాటి కొద్ది ఏళ్లే. ఆ పత్రాలు అబూ బక్ర్ తర్వాత ఉమర్ వద్ద, ఆయన తర్వాత ఆయన కుమార్తె, ప్రవక్త భార్య అయిన హఫ్సా వద్ద భద్రంగా ఉన్నాయి.

మూడవ ఖలీఫా ఉస్మాన్ కాలంలో, సుమారు 650 ప్రాంతంలో, వేర్వేరు ప్రాంతాల సైనికుల మధ్య పఠన భేదాలు వివాదాలకు దారితీశాయి. అప్పుడు ఏర్పడిన సంఘానికి జైద్ బిన్ సాబిత్ ప్రధాన లేఖకుడు. మిగిలిన ముగ్గురు ఖురైష్ వారు: అబ్దుల్లా బిన్ జుబైర్, సయీద్ బిన్ అల్-ఆస్, అబ్దుర్ రహ్మాన్ బిన్ హారిస్. భాషా విషయంలో భేదం వస్తే ఖురైష్ మాండలికాన్నే అనుసరించాలని ఉస్మాన్ ఆదేశించాడు. సిద్ధమైన ప్రతులను ముఖ్య నగరాలకు పంపి, ఇతర ప్రతులను తొలగించమన్నాడు.

ఈ నిర్ణయం అందరికీ నచ్చలేదు. కూఫాలో గౌరవనీయుడైన అబ్దుల్లా బిన్ మసూద్ అభ్యంతరం తెలిపాడు. ఇస్లాంలో తాను ఎంతో సీనియర్‌నని, జైద్ నిన్నటి పిల్లవాడని ఆయన అభిప్రాయం. ఇక్కడ వివాదం వంశానిది కాదు, ముందు చేరినవారికి ప్రాధాన్యమా, నైపుణ్యానికి ప్రాధాన్యమా అన్నది. ప్రభుత్వం నైపుణ్యాన్ని ఎంచుకుంది. జైద్ ఖురైష్‌వాడు కాదు, ప్రవక్తకు దగ్గరి బంధువూ కాదు. అయినా ఇద్దరు ఖలీఫాలు అతిపెద్ద బాధ్యతను అతనికే అప్పగించారు. వారసత్వపు వాటాల గణనలో కూడా ఇతని తీర్పులకు తర్వాతి న్యాయవేత్తలు ఎంతో విలువ ఇచ్చారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) దత్తత విషయంలో వచ్చిన మార్పు జైద్ బిన్ హారిసా పేరును ఎలా మార్చింది?
(ఆ) యమామా యుద్ధానికి, ఖురాన్ సంకలనానికి గల సంబంధం ఏమిటి?

6. జైద్ బిన్ అలీ: వంశం, జ్ఞానం, తిరుగుబాటు

680లో కర్బలా వద్ద ప్రవక్త మనుమడు హుసేన్ మరణించాడు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో మొహర్రం నెలలో జరిగే పీర్ల పండుగ ఆ ఘటననే స్మరిస్తుంది. అప్పటి ఖలీఫా యజీద్. కూఫాలో అతని తరఫున అధికారం చలాయించినవాడు ఉబైదుల్లా బిన్ జియాద్, మనం పైన చూసిన జియాద్ కుమారుడు. ఇద్దరి పేర్లలోనూ 'పెరుగుదల' ధాతువే ఉంది. హుసేన్ మనుమడికి కూడా అదే ధాతువుకు చెందిన పేరు వచ్చింది. ఆయనే జైద్ బిన్ అలీ బిన్ హుసేన్. ఒకే ధాతువునుంచి వచ్చిన పేర్లు పరస్పర విరోధ పక్షాలలో ఉండటం, పేరును చూసి పక్షాన్ని ఊహించరాదనడానికి మంచి ఉదాహరణ.

జైద్ బిన్ అలీ తండ్రి జైనుల్ ఆబిదీన్, సవతి అన్న మహమ్మద్ అల్-బాఖిర్. తల్లి బానిస స్త్రీ. ఉమయ్యద్ ఖలీఫా హిషామ్ (724–743) ఆమె పుట్టుకను ఎత్తిచూపి జైద్ నాయకత్వానికి తగడని అవమానించాడని, ఇబ్రహీం ప్రవక్త కుమారుడు ఇస్మాయీల్ తల్లి కూడా బానిసేనని జైద్ బదులిచ్చాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ప్రవక్త వంశీయుడికే పుట్టుక విషయంలో ఇలాంటి మాట ఎదురైందంటే, ఆ కాలంలో వంశాభిమానం ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చు.

కూఫాలో వేలమంది జైద్‌కు విధేయత ప్రకటించారు. ఖురాన్, ప్రవక్త సంప్రదాయాల ప్రకారం పాలించడం, బలహీనులను ఆదుకోవడం, ప్రభుత్వ ఆదాయాన్ని న్యాయంగా పంచడం ఆయన ఉద్యమ లక్ష్యాలు. ఇంతలో ఆయన అనుచరుల్లో చీలిక వచ్చింది. తొలి ఖలీఫాలైన అబూ బక్ర్, ఉమర్‌లను ఖండించాలని కొందరు కోరగా ఆయన నిరాకరించాడు. దాంతో వారు ఆయనను విడిచిపెట్టారు. ఉమయ్యద్ అధికారులు ముందే పసిగట్టి నగర ప్రజలను పెద్ద మసీదులో నిర్బంధించారు. 740లో తిరుగుబాటు మొదలయ్యేసరికి వెంట నిలిచినవారు కొన్ని వందలమందే. వీధిపోరాటంలో జైద్ నుదుటికి బాణం తగిలి మరణించాడు. రహస్యంగా పూడ్చిన దేహాన్ని అధికారులు వెలికితీసి కూఫాలో బహిరంగంగా వేలాడదీశారు. ఆయన కుమారుడు యహ్యా ఖురాసాన్‌కు తప్పించుకున్నా 743లో అక్కడే చంపబడ్డాడు. ఈ మరణాలు ఉమయ్యద్‌లపై వ్యతిరేకతను పెంచాయి. 750 నాటికి అబ్బాసిద్‌లు ఆ వంశాన్ని కూలదోశారు.

జైద్ ఓడిపోయినా ఆయన పేరుతో జైదీ శాఖ ఏర్పడింది. వారి సిద్ధాంతం ప్రకారం ఇమాం కావాలంటే హసన్ లేదా హుసేన్ సంతతికి చెందినవాడై ఉండాలి, మతజ్ఞానం ఉండాలి, అన్యాయ పాలనపై బహిరంగంగా తిరగబడాలి. తండ్రి నియమించినంత మాత్రాన కొడుకు ఇమాం కాడు. ఇక్కడే పన్నెండు మంది ఇమాంలను అనుసరించే షియాలతో వారికి భేదం. వారు ఐదవ ఇమాంగా అన్న అల్-బాఖిర్‌ను అంగీకరిస్తారు. జైదీలు తమ్ముడు జైద్‌ను అంగీకరిస్తారు. న్యాయశాస్త్ర విషయాల్లో జైదీలు సున్నీలకు దగ్గరగా ఉంటారు.

864లో కాస్పియన్ సముద్ర తీరాన తబరిస్తాన్‌లో, 897లో యెమెన్‌లో జైదీ పాలనలు ఏర్పడ్డాయి. యెమెన్‌లో జైదీ ఇమాంల పరంపర మధ్య మధ్య అంతరాయాలతో 1962 సెప్టెంబర్ విప్లవం వరకు సాగింది. ఉత్తర యెమెన్‌లో జైదీలు నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నారు. పుట్టుకా యోగ్యతా అన్న ప్రశ్నకు మూడవ జైద్ అనుచరులు ఇచ్చిన జవాబు రెండింటినీ కలిపింది. వంశం తలుపు వరకు తీసుకువస్తుంది, లోపలికి వెళ్లాలంటే జ్ఞానం, సాహసం కావాలి.

7. జైదీ అనే పేరు: భారతదేశం, దక్కన్

భారతదేశంలోని 'జైదీ' అనే నిస్బా చాలామంది విషయంలో వంశాన్ని తెలిపేదే. తమ పూర్వికుడు జైద్ బిన్ అలీ అని చెప్పుకొనే సయ్యద్ కుటుంబాలవారు ఈ పేరు పెట్టుకుంటారు. యెమెన్‌లో జైదీ అంటే మతశాఖ. భారతదేశంలోని జైదీలు ఎక్కువగా పన్నెండు ఇమాంల షియాలు, కొందరు సున్నీలు. ఒకే మాట ఒక దేశంలో శాఖను, మరో దేశంలో వంశాన్ని తెలుపుతుంది. పరీక్షలో తరచుగా పొరబడే అంశం ఇది.

మొగల్ చరిత్రలో 'రాజులను చేసేవారు'గా పేరొందిన సయ్యద్ సోదరులు అబ్దుల్లా ఖాన్, హుసేన్ అలీ ఖాన్ గంగా–యమునా అంతర్వేదిలోని బార్హా సయ్యద్‌లు. వీరు తమ వంశాన్ని జైద్ బిన్ అలీతో ముడిపెట్టుకున్నారు. 1713లో ఫరూఖ్ సియర్‌ను సింహాసనం ఎక్కించినవారూ, 1719లో దించినవారూ వీరే. వీరి ఆధిపత్యాన్ని ఎదిరించిన నిజాం-ఉల్-ముల్క్ 1720లో దక్కన్‌కు తరలివచ్చి, ఆగస్టులో బేరార్‌లోని బాలాపూర్ వద్ద వీరి బంధువు ఆలం అలీ ఖాన్‌ను ఓడించాడు. ఆ ఏడాది ముగిసేలోగా సోదరుల అధికారం అంతమైంది. 1724లో షకర్ ఖేడా యుద్ధంలో ముబారిజ్ ఖాన్‌పై గెలిచాక నిజాం-ఉల్-ముల్క్ దక్కన్‌లో ఆసఫ్ జాహీ పాలనకు పునాది వేశాడు. హైదరాబాద్ రాజ్య చరిత్ర తొలి ఘట్టంలో నిజాంకు ఎదురుపడిన ప్రత్యర్థులు, వెయ్యేళ్లనాటి కూఫా తిరుగుబాటుదారుని వారసులమని చెప్పుకొన్నవారు.

8. ఆధారాల విషయంలో జాగ్రత్తలు

పైన చెప్పిన తొలికాలపు సంగతులు మనకు ప్రధానంగా తర్వాతి గ్రంథాల ద్వారా తెలుస్తాయి. ఇబ్న్ సఅద్ 845లో, తబరీ 923లో మరణించారు. వారు తమకంటే ముందటి కథనాలను, ఎవరినుంచి ఎవరు విన్నారో తెలిపే పేర్ల వరుసతో సహా నమోదు చేశారు. ఆ వరుసలో ఒక్క పేరును తప్పుగా గుర్తించినా ఆధారం విలువ మారిపోతుంది. అందుకే ముస్లిం పండితులు వేలాది వ్యక్తుల వివరాలతో జీవిత చరిత్ర నిఘంటువులను రూపొందించారు.

వంశావళులను కూడా ఇలాగే జాగ్రత్తగా చదవాలి. వంశావళి జరిగిన పుట్టుకలతోపాటు, ఆ కుటుంబం తన గౌరవాన్ని ఎలా చెప్పుకోదలచిందో కూడా తెలుపుతుంది. ఒక వంశం తనను జైద్‌తో ముడిపెట్టుకుందంటే, ఆ కాలంలో ఆ పేరుకు ఎంత విలువ ఉందో మనకు తప్పక తెలుస్తుంది. ఆ సంబంధం నిజమా కాదా అన్నది వేరే ఆధారాలతో తేల్చవలసిన విషయం.

9. సారాంశం

'జైద్' అనేది పెరుగుదల అని అర్థమిచ్చే సాధారణమైన అరబ్బీ పేరు. జైద్ బిన్ హారిసా నసబ్ మారినా సేనాపతిగా గౌరవం నిలుపుకున్నాడు. అతని జీవితం దత్తతకు సంబంధించిన న్యాయసూత్రంతో ముడిపడింది. జైద్ బిన్ సాబిత్ నైపుణ్యంతో ఖురాన్ సంకలనకర్తగా నిలిచాడు. జైద్ బిన్ అలీ తిరుగుబాటు విఫలమైనా, వంశాన్నీ యోగ్యతనూ కలిపి కోరే ఒక మతశాఖకు పేరునిచ్చింది. ఈ ముగ్గురినీ వేరుచేసి చూపేది వారి ఇస్మ్ పక్కన ఉన్న తండ్రి పేరు. ఇస్లాం చరిత్రలో ఏ పేరు ఎదురైనా ఇతడు ఎవరి కుమారుడు, ఏ ఊరివాడు, ఈ వివరాలు ఎవరు చెప్పారు అని అడగడం అలవాటు చేసుకోండి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తొలి ముస్లిం సమాజంలో వంశం, యోగ్యతల మధ్య సంబంధాన్ని ముగ్గురు జైదుల జీవితాల ఆధారంగా చర్చించండి.
2. జైద్ బిన్ అలీ తిరుగుబాటుకు కారణాలను, ఫలితాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అరబ్బీ పేరులోని భాగాలను ఉదాహరణలతో తెలపండి.
2. ఖురాన్ సంకలనంలో జైద్ బిన్ సాబిత్ పాత్రను వివరించండి.
3. 'జైదీ' అనే మాట యెమెన్‌లోనూ, భారతదేశంలోనూ తెలిపే అర్థాల భేదాన్ని రాయండి.